ఆట మానేస్తేనే డాక్టరా?

పోయిన నెల ఒక సాయంత్రం పూండిలో పని చూసుకుని రోడ్డెక్కబోతుంటే పక్కనున్న హైస్కూల్ గ్రౌండ్ నుంచి కేకలు వినిపించాయి. క్రికెట్ కేకలు కావు, అమ్మాయిల గొంతులు. గోడ దగ్గర ఆగి చూశాను. సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారు. ఇసుక నేల, సున్నంతో గీసిన గీతలు, బేస్‌లకి బదులు ఎరువుల సంచులు మడిచి పెట్టారు. గ్రౌండ్ చివర కొబ్బరి చెట్లు, వాటి వెనక జీడితోట.

రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య ఒకమ్మాయి నిలబడింది. బంతి అటు వస్తే చాలు, కళ్లు మూసి తెరిచేలోగా అది ఆమె చేతిలోంచి మొదటి బేస్ దగ్గరికి వెళ్లిపోతోంది. ఆ చోటుని షార్ట్‌స్టాప్ అంటారు. ఆ అమ్మాయి పేరు మనకెందుకు గానీ, ఇక్కడ ‘షార్ట్‌స్టాప్’ అనే పిలుచుకుందాం.

ఆట అయ్యాక అడిగాను, “టెన్త్ తర్వాత ఏం చదువుతావమ్మా?” అని.

“బైపీసీ అండి. డాక్టర్ అవుతానండి.”

“మరి ఆట?”

గ్లవ్ వైపు చూసుకుంది. “ఈ ఏడుతో సరి అండి. మా నాన్న సెప్పీసినాడు.”

ఇంతలో వాళ్ల నాయనమ్మ వచ్చింది, మనవరాలిని తీసుకెళ్లడానికి. పలాసలో జీడిపప్పు బట్టీలో పని చేసి వచ్చిందట, జీడి నూనె మరకలు వేళ్ల మీద నల్లగా ఉన్నాయి. నేను ఆట గురించి ఏదో మంచిగా అనబోతే మధ్యలోనే ఆపేసింది.

“ఆట్లాడితే డాక్టరు అయిపోద్దేటి బావూ? ఇంటికాడ ముసిలాయనకి వారానికి రెండుసార్లు రత్తం కడగాల. ఈ గుంటే కదా మాకు డాక్టరు అవ్వాల. రెండు పడవల మీద కాళ్లెట్టినోడు ఎక్కడైనా ఒడ్డుకి సేరినాడేటి?”

రక్తం కడగడం అంటే డయాలసిస్. ఉద్దానంలో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. ఆ పెద్దావిడ ప్రశ్నకి ఆ రోజు నేను తల ఊపి వచ్చేశాను. తిరుగు ప్రయాణంలో గుర్తొచ్చింది. రెండు పడవల మీదా కాళ్లు పెట్టి ఒడ్డుకి చేరిన మనిషి ఒకావిడ ఉంది. ఆడిన ఆట సాఫ్ట్‌బాలే. నిలబడిన చోటు షార్ట్‌స్టాపే. ఆమె పేరు డాట్ రిచర్డ్‌సన్. ఈ వారం కాలమ్ ఆ నాయనమ్మకి నేను బాకీ పడ్డ సమాధానం.

‘నీ పేరు బాబ్ అని చెబుదాం’

డాట్ 1961 సెప్టెంబర్ 22న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో పుట్టింది. తండ్రి వైమానిక దళంలో ఉద్యోగి. అన్నదమ్ములతో కలిసి బంతి విసరడమే చిన్నప్పటి కాలక్షేపం. పదేళ్ల వయసులో ఒక బేస్‌బాల్ కోచ్ ఆమె విసురు చూసి ముచ్చటపడ్డాడు. మా జట్టులోకి రమ్మన్నాడు. ఒక్క షరతు పెట్టాడు: జుట్టు కత్తిరించుకోవాలి, పేరు బాబ్ అని చెప్పుకోవాలి. ఎందుకంటే అది మగపిల్లల జట్టు.

పదేళ్ల పిల్ల ఒద్దంది. నేను నేనుగా ఆడలేనప్పుడు ఆ ఆట నాకెందుకు అనుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లకే సాఫ్ట్‌బాల్ ఆమెకి దొరికింది. 13 ఏళ్లకి ఓర్లాండో రెబెల్స్ అనే మహిళల జట్టులో, తనకంటే ఎంతో పెద్దవాళ్ల పక్కన నిలబడి ఆడింది. 17 ఏళ్లకి, 1979లో, పాన్ అమెరికన్ గేమ్స్‌లో దేశం తరఫున బంగారు పతకం గెలిచిన జట్టులో ఉంది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి. 1972లో, డాట్‌కి ఇంకా పదేళ్లున్నప్పుడే, అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడపిల్ల అన్న కారణంతో ఎవరికీ అవకాశం నిరాకరించకూడదు అన్నది దాని సారం. చదువుతో పాటు కాలేజీ ఆటలకీ అది వర్తించింది. అమ్మాయిలకి జట్లు, కోచ్‌లు, స్కాలర్‌షిప్‌లు మెల్లమెల్లగా రావడం మొదలైంది. డాట్ కాలేజీ వయసుకొచ్చేసరికి తలుపు తెరిచి ఉంది.

0.4 సెకన్ల ఆట

సాఫ్ట్‌బాల్ అంటే ‘మెత్తని బంతి’ అనుకునేవాళ్లు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. మెత్తదనం పేరులోనే ఉంది.

ఈ ఆట 1887లో షికాగోలో, ఒక క్లబ్బు గదిలో సరదాగా పుట్టింది. బాక్సింగ్ గ్లవ్‌ని తాడుతో కట్టి బంతి చేశారు, చీపురు కర్రని బ్యాట్ చేశారు. జార్జ్ హాంకాక్ అనే ఆయన దానికి నియమాలు రాశాడు. ఇప్పుడైతే జట్టుకి 9 మంది, 7 ఇన్నింగ్స్, బేస్‌ల మధ్య 60 అడుగులు. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. పిచర్ చేతిని కింద నుంచి గుండ్రంగా తిప్పి వదులుతుంది. పెద్ద స్థాయిలో ఆ బంతి గంటకి 100 కిలోమీటర్ల పైన వేగంతో వస్తుంది, దూరమేమో 40 అడుగుల పైచిలుకే. అంటే బ్యాటర్‌కి దొరికే సమయం సుమారు 0.4 సెకన్లు. మీరు ఒక రీల్ చూసి నచ్చలేదని పైకి తోసేసేంత సమయం కూడా కాదు. అంతలోనే చూడాలి, కొట్టాలా వద్దా తేల్చుకోవాలి, కొట్టాలి.

షార్ట్‌స్టాప్ సంగతి ఇంకాస్త కష్టం. బంతి తన దగ్గరికి రాకముందే ఆలోచించి ఉంచుకోవాలి: ఇప్పుడు నా వైపు వస్తే ఎక్కడికి విసరాలి? మొదటి బేస్‌కా, ఇంటికా? ఎంతమంది అవుటయ్యారు? పరుగెత్తే అమ్మాయి ఎంత వేగం? బంతి వచ్చాక ఆలోచించే తీరిక ఉండదు.

డాట్ ఇందులో ఆరితేరింది. మొదటి ఏడాది వెస్టర్న్ ఇల్లినాయి యూనివర్సిటీలో చదివి, తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏకి మారింది. 1982లో అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మొట్టమొదటిసారి మహిళల సాఫ్ట్‌బాల్ చాంపియన్‌షిప్ పెట్టింది. ఫైనల్లో ఫ్రెస్నో స్టేట్‌ని ఓడించి కప్పు గెలిచింది యూసీఎల్‌ఏ. ఆ జట్టులో షార్ట్‌స్టాప్ డాట్. తర్వాత్తర్వాత 1980ల దశాబ్దం మొత్తానికీ అత్యుత్తమ కాలేజీ క్రీడాకారిణిగా ఆమెని ఎంచారు.

ఇంత పేరొచ్చింది కదా, ఇక ఆటతోనే బతికేసింది అనుకుంటున్నారా? లేదు. 1984లో డిగ్రీ చేతికొచ్చేసరికి సాఫ్ట్‌బాల్‌లో ముందుకెళ్లడానికి దారే లేదు. ఒలింపిక్స్‌లో ఆ ఆట లేదు. బతుకు గడిచేంత జీతమిచ్చే లీగ్ లేదు. దేశంలోకెల్లా గొప్ప ప్లేయర్ అయినా, రేపు ఏం చేయాలన్నది తేల్చుకోవాల్సిందే.

బెడ్‌రూంలో బ్యాటింగ్

ఆమె తేల్చుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని అడెల్ఫీ యూనివర్సిటీలో మాస్టర్స్ చేసింది. ఆ తర్వాత కెంటకీ రాష్ట్రంలోని లూయిస్‌విల్ యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరి, 1993లో డాక్టర్ పట్టా తీసుకుంది. అప్పటికి ఆమెకి 31 ఏళ్లు.

మన లెక్కలో ఇది చాలా ఆలస్యం. ఇంటర్ అవగానే నీట్ రాంక్ రాకపోతే, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఒక్క ఏడాది పోయినా ‘లైఫ్ వేస్ట్’ అని స్టేటస్ పెట్టుకునే పిల్లలున్నారు మన దగ్గర. వాళ్లు ఈ అంకె ఇంకోసారి చదువుకోవాలి. 31.

మెడిసిన్ చదువుతున్నన్నాళ్లూ ఆట మానలేదు. కనెక్టికట్ రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్ ఊరికి చెందిన రేబెస్టోస్ బ్రేకెట్స్ అనే పేరున్న క్లబ్బుకి ఆడేది. వారమంతా క్లాసులు, ఆసుపత్రి వార్డులు. వారాంతాల్లో విమానమెక్కి మ్యాచ్‌కి పోవడం. ఆదివారం రాత్రికి మళ్లీ పుస్తకాలు.

మెడికల్ స్టూడెంట్‌గా ఉండగానే, 1991లో, ఒక వార్త వచ్చింది: 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ పెడుతున్నారు. దారి లేదనుకున్న చోట దారి కనిపించింది. కానీ వచ్చిన సమయం చూడండి! పట్టా అయ్యాక లాస్ ఏంజెలెస్ కౌంటీలోని పెద్ద ఆసుపత్రిలో ఎముకల సర్జరీలో రెసిడెన్సీకి చేరింది. రెసిడెన్సీ అంటే మన పీజీ లాంటిది. మనకి ఎంఎస్ ఆర్థో 3 ఏళ్లైతే, అక్కడ 5 ఏళ్లు. రాత్రి డ్యూటీలు, యాక్సిడెంట్ కేసులు, నిద్రలేని రోజులు. ప్రాక్టీసుకి గ్రౌండ్‌కి వెళ్లే టైం దొరక్క, తన చిన్న అపార్ట్‌మెంట్ బెడ్‌రూంలోనే వల కట్టుకుని బ్యాటింగ్ చేసేది.

ఒలింపిక్స్ ముందు రెసిడెన్సీ నుంచి ఏడాది సెలవు తీసుకుంది. ఆసుపత్రి ఆ సెలవు ఇచ్చింది. ఈ రెండో వాక్యం మొదటిదాని కంటే ముఖ్యమని నాకనిపిస్తుంది. అడిగే ధైర్యం చాలామందికి ఉంటుంది. సరే అనే పెద్దలే దొరకరు.

ఆ కొట్టిన బంతి

1996 జులై 30. అట్లాంటా ఒలింపిక్స్ సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లు జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ అనే ఊళ్లో పెట్టారు. ఫైనల్లో అమెరికా, చైనా. మూడో ఇన్నింగ్స్‌లో డాట్ బ్యాటింగ్‌కి వచ్చింది. కొట్టిన బంతి కుడివైపు గీత మీదుగా పోయి కంచె అవతల పడింది. రెండు పరుగుల హోమ్ రన్! గీత లోపల నుంచి పోలేదు, బయట నుంచి పోయింది అని చైనా జట్టు గట్టిగా వాదించింది. ఆట కాసేపు ఆగిపోయింది. అంపైర్ మాట మారలేదు. చివరికి 3-1 తేడాతో అమెరికా గెలిచింది. ఒలింపిక్ సాఫ్ట్‌బాల్‌లో తొలి బంగారం అది. ఆ టోర్నీలో, అంటే ఒలింపిక్ చరిత్రలోనే, తొలి హోమ్ రన్ కొట్టింది కూడా ఆమే.

అప్పటికి డాట్‌కి 34 ఏళ్లు. విజయ యాత్రలు, టీవీ షోలు, ప్రకటనలతో ఏడాది గడిపేయొచ్చు. ఆమె మాత్రం కొద్ది రోజుల్లోనే తెల్ల కోటు వేసుకుని ఆసుపత్రి డ్యూటీకి వెళ్లిపోయింది. పతకం గెలిచిన చేతులతోనే విరిగిన కాళ్లకి కట్లు కట్టింది.

నాలుగేళ్ల తర్వాత 2000 సిడ్నీ ఒలింపిక్స్. ఈసారి షార్ట్‌స్టాప్‌లో కాదు, రెండో బేస్ దగ్గర ఆడింది. మధ్యలో వరసగా 3 మ్యాచ్‌లు ఓడి, ఇక అయిపోయిందనుకున్న అమెరికా జట్టు లేచి నిలబడి, సెప్టెంబర్ 26న ఫైనల్లో జపాన్‌ని 2-1తో ఓడించింది. డాట్‌కి రెండో బంగారం. అప్పటికి 39 నిండి నాలుగు రోజులు.

సిడ్నీ అనగానే మనకి గుర్తొచ్చేది వేరే అమ్మాయి కదా! ఆ ఫైనల్‌కి సరిగ్గా వారం ముందు, సెప్టెంబర్ 19న, అదే ఊళ్లో మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం ఎత్తింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఒకే ఒలింపిక్స్‌లో, ఒక వైపు ఎముకల డాక్టరు, ఇంకో వైపు శ్రీకాకుళం పల్లె పిల్ల. ‘ఆటలు మనలాంటోళ్లకి కాదు’ అని ఈ జిల్లాలో ఎవరైనా అంటే ఊసవానిపేట దారి చూపించండి.

ఒక్కరే కాదు

ఆడిన డాక్టర్లు ఇంకా ఉన్నారు. మైలు దూరాన్ని 4 నిమిషాల లోపు పరుగెత్తడం మనిషి వల్ల కాదనుకునే రోజుల్లో, 1954 మే 6న రోజర్ బానిస్టర్ 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. అప్పుడాయన మెడికల్ స్టూడెంట్. ఆ రోజు ఉదయం లండన్ ఆసుపత్రిలో పని చూసుకునే రేసుకి వెళ్లాడు. తర్వాత పేరున్న నరాల డాక్టర్ అయ్యాడు. 1980లో ఒకే వింటర్ ఒలింపిక్స్‌లో 5 బంగారు పతకాలు గెలిచిన స్కేటర్ ఎరిక్ హైడెన్ ఎముకల సర్జన్ అయ్యాడు. మన దేశంలో చూస్తే, స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకి 1948 లండన్ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా వెళ్లిన టి. ఆవ్ నాగాలాండ్ డాక్టర్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో హాకీ కాంస్యం గెలిచిన వేస్ పేస్ కూడా డాక్టరే. టెన్నిస్ లియాండర్ పేస్ తండ్రి ఆయన.

వీళ్లంతా మహామహులు, మనకెక్కడ కుదురుతుంది అంటారా? ఒప్పుకుంటాను. వీళ్లలా పతకాలు రావడం లక్షల్లో ఒకరికే. కానీ ఇక్కడ నా వాదన పతకం గురించి కాదు. ఆట నేర్పే కొన్ని అలవాట్లు డాక్టర్ పనికి సూటిగా పనికొస్తాయి, అంతే.

సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్‌లలో పదిసార్లు బ్యాటింగ్‌కి వెళ్లి మూడుసార్లు సరిగ్గా కొడితే మంచి బ్యాటర్ కింద లెక్క. అంటే ఏడుసార్లు తల దించుకుని వెనక్కి నడిచి రావాలి, మళ్లీ పేరు పిలిస్తే తలెత్తి వెళ్లాలి. డాక్టర్‌కి పదిలో ఏడు తప్పులు కుదరవు, నిజమే. కానీ డాక్టర్ అయ్యే దారిలో మాక్ టెస్టులు, రాంకులు, ఫెయిలైన పేపర్లు, కాపాడలేకపోయిన పేషెంట్లు ఉంటారు. ఓటమి తర్వాత మర్నాడు పొద్దున్నే లేవడం ఏ మెటీరియల్‌లోనూ ఉండదు. గ్రౌండ్‌లో ఉంటుంది.

షార్ట్‌స్టాప్ ముందే ఆలోచించి పెట్టుకుంటుందని చెప్పాను కదా, క్యాజువాలిటీలో మంచి డాక్టర్ చేసేదీ అదే. అంబులెన్స్ వచ్చాక కాదు, వచ్చేలోగానే ‘ఇలా అయితే ఇది, అలా అయితే అది’ అని మనసులో వరస పెట్టుకుంటారు. ఇక ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్, మత్తు డాక్టర్, నర్సు ఒకరి కళ్లు ఒకరు చూసి పని చేయాలి. జట్టులో ఆడిన మనిషికి ఈ భాష కొత్త కాదు.

ఇవన్నీ వదిలేయండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలే ఆటో వ్యాయామమో కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టర్ని చేస్తామని చెప్పి, డాక్టర్లు చెప్పే మొదటి మాటనే మనం పక్కన పడేస్తున్నాం!

రెండో వైపు కూడా చూడాలి

ఇంతవరకూ చదివి ‘అయితే పిల్లల్ని ఆడిస్తే సరి, సీటు అదే వస్తుంది’ అనుకోకండి. డాట్ కథని అలా చెబితే మోసం చేసినట్టే.

ఆమె చెల్లించిన ధర చిన్నది కాదు. పట్టా ఆలస్యమైంది, రెసిడెన్సీ ఆలస్యమైంది. చివరికి మళ్లీ ఆట వైపే వెళ్లింది. సిడ్నీ తర్వాత ఫ్లోరిడాలోని క్లెర్మాంట్‌లో క్రీడా శిక్షణ, వైద్యం కలిసిన నేషనల్ ట్రైనింగ్ సెంటర్‌ని నడిపింది. 2013 నుంచి వర్జీనియాలోని లిబర్టీ యూనివర్సిటీలో సాఫ్ట్‌బాల్ కోచ్. ‘అంత చదివి డాక్టరీ వదిలేసిందా!’ అని మన ఇళ్లలో గగ్గోలు పెట్టేవాళ్లు. ఆమె జీవితం, ఆమె ఇష్టం. కానీ రెండు పడవల ప్రయాణంలో ఏదో ఒక చోట ఒక పడవ వైపు బరువు మొగ్గుతుందన్న నాయనమ్మ అనుమానంలో నిజం లేకపోలేదు.

ఇంకో నిజం. డాట్ ఒంటరిగా గెలవలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న టైటిల్ నైన్ ఇక్కడ కావాలి. ఆ చట్టం లేకపోతే యూసీఎల్‌ఏ జట్టుకి ఆ బలం ఉండేదా? ఆసుపత్రి ఏడాది సెలవు ఇవ్వకపోతే ఆ హోమ్ రన్ ఉండేదా? పట్టుదల ఆమెదే, గ్రౌండ్ మాత్రం ఇంకొకరు వేయాలి. ‘కష్టపడితే ఏదైనా సాధించొచ్చు’ అనే రీల్స్ ఈ సగాన్ని ఎప్పుడూ చెప్పవు.

మనకీ చట్టం లేకపోలేదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలి. అది ఎనిమిదో తరగతి వరకే. అసలు చిక్కు ఆ తర్వాతే. తొమ్మిదో తరగతిలో ఆట పీరియడ్ లెక్కల పీరియడ్ అవుతుంది. ఇంటర్‌కొస్తే నాలుగంతస్తుల బిల్డింగే కాలేజీ, టెర్రస్ మీద బట్టలారేసుకునే చోటే గ్రౌండ్. అబ్బాయిలైనా వీధిలో బ్యాట్ పట్టుకుంటారు. అమ్మాయికి బడి గేటు దాటితే ఆట అయిపోయినట్టే.

ఉద్దానానికి కావలసిన డాక్టరు

ఈ సంగతి ఉద్దానంలో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పచ్చటి తోటల నేల ఇది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ పచ్చదనం మధ్య కిడ్నీ జబ్బు ఇళ్లకిళ్లని తినేస్తోంది. ఫలానాదే కారణం అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు ఉద్దానం ఊళ్లకి తెచ్చే పథకమూ ఆ రోజే ప్రారంభమైంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కట్టడాలు వచ్చాయి. వాటిలో పదేళ్లు, ఇరవై ఏళ్లు నిలబడి పని చేసే మనుషులు కావాలి. తాత మంచం పక్కన కూర్చున్న మనవరాలి కంటే ఆ పనికి తగినవాళ్లు ఎవరుంటారు?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఈ తీరాన్నే తాకింది. కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క పెట్టిన రైతు కాయ కోసం ఏళ్ల తరబడి ఎదురు చూస్తాడు. చెట్టు పడిపోతే మళ్లీ మొక్క నాటి మళ్లీ ఎదురు చూస్తాడు. అంత ఓపికున్న మనం పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండేళ్లలో కాయ కోసేయాలంటాం.

కాబట్టి ఫోన్‌లో ఇది చదువుతున్న తొమ్మిదో తరగతి, టెన్త్, ఇంటర్ వాళ్లకి నాలుగు మాటలు:

ఆట మొత్తంగా ఆపొద్దు, తగ్గించండి. రోజుకి మూడు గంటలు ఆడేవాళ్లు పరీక్షల ఏడాదిలో గంట చేసుకోండి. సున్నా చేయొద్దు.

జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడిన ప్రతి సర్టిఫికెట్టూ దాచుకోండి. స్కూల్ గేమ్స్ పోటీల్లో సాఫ్ట్‌బాల్ కూడా ఉంది. మన రాష్ట్రంలో మెడికల్ ప్రవేశాల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. సీట్లు చాలా కొద్ది, నీట్‌లో అర్హత తప్పనిసరి. ఏ ఆటలకి, ఏ స్థాయికి వర్తిస్తుందో ఆ ఏడాది హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. దొంగ సర్టిఫికెట్లు అమ్మేవాళ్ల జోలికి పోవద్దు, అది మీలాగే చెమటోడ్చిన ఇంకో పిల్ల సీటు.

కాలేజీలో చేరేటప్పుడు ఫీజు, రాంకులతో పాటు ఇంకొకటి అడగండి: “గ్రౌండ్ ఎక్కడండీ?” వందమంది తల్లిదండ్రులు అడిగితే జవాబు వెతుక్కుంటారు.

ఒక్క ఏడాది ఆలస్యమైతే జీవితం పోదు. 31 గుర్తుంది కదా.

పోయిన వారం మళ్లీ పూండి వెళ్లాను. కావాలనే సాయంత్రం బయల్దేరాను. గ్రౌండ్ దగ్గర నాయనమ్మ కూర్చుని ఉంది, మనవరాలి బ్యాగు ఒళ్లో పెట్టుకుని. డాట్ కథ మొత్తం చెప్పాను. ‘బాబ్ అని పేరు మార్చుకోమన్నారు’ అంటే నవ్వింది. బెడ్‌రూంలో వల కట్టుకుందంటే “ఓలమ్మా!” అంది. ముప్ఫై ఒకటో ఏట డాక్టర్ అయిందంటే మాత్రం కాసేపు మాట్లాడలేదు.

“అప్పటిదాకా ముసిలాయన ఉంటాడేటి బావూ?”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ ఒలింపిక్ కథలోనూ ఉండదు.

ఇంతలో గ్రౌండ్‌లో బంతి గట్టిగా తగిలిన చప్పుడు. మన షార్ట్‌స్టాప్ కుడివైపుకి దూకి, ఇసుకలో పడి, లేచి విసిరింది. మొదటి బేస్‌లో అవుట్. అమ్మాయిలంతా అరిచారు. నాయనమ్మ మెడ సాచి చూసింది.

“అదేనా, నువ్వు సెప్పిన ఆ డాక్టరమ్మ నిలబడే సోటు?”

“అదేనమ్మా.”

“మరి ఈ ఏడు ఆడనీ,” అంది, నల్లబడిన వేళ్లతో బ్యాగుకి అంటిన ఇసుక దులుపుతూ. “వాళ్ల నాన్నతో నాను సెప్తాను. పై ఏటి సంగతి పై ఏడు సూద్దాం.”